శనివారం గడ్డం

కృపాకుమారి తన తండ్రి చెంపల మీద గడ్డం చూడటం అదే మొదటిసారి. అది అలా మాసిపోవడానికి కారణం తనే. ఆయన కత్తుల పెట్టె తనే దాచేసింది.

ఇమ్మానుయేల్ గుత్తి రైల్వేలో కీమేన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. సుత్తి భుజాన వేసుకుని ఎండలో పట్టాల వెంబడి నడిచే పని. చొక్కా ఎంత మాసినా, కాళ్లకు ఎంత గ్రీజు అంటినా, ఆయన మొహం మాత్రం కడిగిన పళ్లెంలా ఉండేది. రోజూ తెల్లవారగానే పెరట్లో వేపచెట్టుకు అద్దం తగిలించుకుని గడ్డం గీసుకున్నాకే ఏ పనైనా. భార్య చనిపోయిన రోజు కూడా, సమాధుల తోటకు బయలుదేరే ముందు పెరట్లోకి వెళ్లి గీసుకుని వచ్చాడు. బంధువులు ఏదో గొణుక్కున్నారు. ఆమెను సాగనంపడానికి తండ్రికి తెలిసిన మర్యాద అదేనని కృపకు అర్థమైంది.

ఆ మనిషికి మతిమరుపు వచ్చింది. ముందు పేర్లు పోయాయి, తర్వాత దారులు. ఒకరోజు భుజాన ఏమీ లేకుండానే సుత్తి ఉన్నట్టు చెయ్యి వంచుకుని పట్టాల మీద నడిచిపోతుంటే, గేటు దగ్గర పనిచేసే రామాంజులు గుర్తుపట్టి ఆటోలో ఇంటికి తెచ్చాడు. డాక్టరు మాత్రలు రాశాడు. ఇది తగ్గే జబ్బు కాదని కూడా మెల్లగా చెప్పాడు. అప్పటి నుంచి కృప తండ్రిని తన ఇంట్లోనే పెట్టుకుంది. ఆ పెరట్లోనూ ఒక వేపచెట్టు ఉంటే, ఆయన అద్దం దానికే తగిలించింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. పొద్దున సెంటర్‌కు పోయేటప్పుడు ఆయన్ని కూడా తీసుకెళ్లి పిల్లల మధ్య కూర్చోబెట్టేది.

ఒక పొద్దున ఆమె పెరట్లోకి వచ్చేసరికి ఆయన అద్దం ముందు నిలబడి ఉన్నాడు. విప్పిన కత్తి మెడ మీద ఆగి ఉంది. చెంపల మీద నురుగు ఆరిపోయి పొట్టులా రాలుతోంది. ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డాడో. చేతిలో ఉన్నది ఏమిటో, దానితో ఏం చెయ్యాలో ఆ కళ్లకు తెలియడం లేదు. కృప వెనక నుంచి మెల్లగా వెళ్లి ఆయన వేళ్లు ఒక్కొక్కటే విప్పి కత్తి తీసుకుంది. ఆ రోజే పెట్టెను పాత చీరల మూటలో చుట్టి అటక మీదికి ఎక్కించింది.

అది మామూలు పెట్టె కాదు. గుత్తి మీదుగా రైలుమార్గం వేస్తున్న కాలంలో ఒక తెల్ల ఇంజనీరు దొర దగ్గర ఇమ్మానుయేల్ ముత్తాత పనికి కుదిరాడు. డేరాలో దొరకు నీళ్లు కాచి పెట్టడం, బూట్లు తుడవడం ఆయన పని. దొరకు వారానికి ఏడు కత్తులు ఉండేవట. రోజుకొక కత్తి. ఒకరోజు వాడిన ఉక్కుకు వారమంతా విశ్రాంతి ఇస్తే పదును నిలుస్తుందని ఆయన నమ్మకం. పెట్టెలో మీసం దువ్వుకోవడానికి తాబేటి చిప్పతో చేసిన వేలెడు దువ్వెన, మీసం కొనలు మెలితిప్పడానికి వేడిచేసే చిన్న ఇనుప పట్టుకారు, చెవి గుబిలి తీసే వెండి పుల్ల, ఎముక పిడి ఉన్న నురుగు బ్రష్షు, కత్తిని సాపు చేసే తోలుపట్టా, నూరుకునే రాయి ఉండేవి. దొర స్వదేశానికి పోతూ ఆ పెట్టెను ముత్తాతకు ఇచ్చిపోయాడు. ఏడు కత్తుల్లో రెండే మిగిలాయి. వాటి కొమ్ము పిడుల మీద సోమవారం, గురువారం అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది.

ఆ రోజుల్లో ఊరికి దూరంగా ఉన్న ముత్తాత వాళ్ల పేటకు ఊరి మంగలి వచ్చేవాడు కాదు. రాకూడదు. పేటలో మగవాళ్లు ఒకరికొకరు కొడవలి ముక్కలతో, గాజు పెంకులతో గీకి పెట్టుకునేవాళ్లు. మొహాల నిండా గాట్లు. ముత్తాత ఆ పెట్టె పట్టుకుని పేటకు వచ్చి, శనివారం సాయంత్రం తన గుమ్మం ముందు ముక్కాలి పీట వేశాడు. దొరకు పెట్టినట్టే వేడినీళ్ల గుడ్డ పెట్టి, నురుగు పూసి, మీసం దువ్వి, ఒక్కొక్కరికీ అద్దం చూపించేవాడట. పొలం పని చేసి చేసి వంగిపోయిన ముసలివాళ్లు అద్దంలో చూసుకుని, ఈ మొహం ఎవరిదిరా అని నవ్వుకునేవాళ్లట. మరుసటి రోజు ఆదివారం ప్రార్థనకు ఏసు గుడికి అందరూ తలెత్తుకుని పోయేవాళ్లు. ఆ పని ముత్తాత నుంచి తాతకు, తాత నుంచి తండ్రికి వచ్చింది. ఇమ్మానుయేల్ తన చిన్నతనంలో తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. చివరికి తండ్రికి గడ్డం గీసే పని ఆయనకే వచ్చింది. ఈ కథ కృప చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నదో.

ఇప్పుడు ఆయన ఆ పెట్టె కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు.

"పెట్టె యాడ పెట్టినావు పాపా?"

"రిపేరికిచ్చినా నాయనా."

"దానికి రిపేరేముంది?" అని ఆశ్చర్యపోయేవాడు. కాసేపాగి మళ్లీ వచ్చి అదే మాట అడిగేవాడు.

బస్టాండు దగ్గర సురేంద్ర సెలూన్‌కు తీసుకెళ్లింది. కుర్చీలో కూర్చోబెట్టి మెడకు గుడ్డ కట్టే దాకా బాగానే ఉన్నాడు. మిషను గుర్రుమనగానే ఉలిక్కిపడి లేచి, మెడకు గుడ్డతోనే రోడ్డు మీదికి పరిగెత్తాడు. సురేంద్ర వెనకాలే వచ్చి పట్టుకుని, "వద్దులే అక్కా, పెద్దాయన్ని బలవంతం జెయ్యొద్దు," అన్నాడు.

గడ్డం పెరిగేకొద్దీ ఆయన చిన్నగా అయిపోయాడు. ఇంటికి ఎవరైనా వస్తే తువ్వాలుతో చెంపలు కప్పుకుని గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఆదివారం కృప గుడికి బయలుదేరదీస్తే గుమ్మం పట్టుకుని కదల్లేదు.

"ఇట్ల పోతే మర్యాద గాదమ్మా," అన్నాడు. "నాయన సూస్తే ఏమనుకుంటాడు?"

ఆయన తండ్రి చనిపోయి ఎంత కాలమైందో కృపే ఎరగదు. ఆయన పక్కనే గుమ్మంలో కూర్చుంది. ఆ ఆదివారం ఇద్దరూ గుడికి పోలేదు.

కృప భర్త జోయల్ బోరు బండి మీద డ్రిల్లరు. చిలమత్తూరు, కొత్తచెరువు, ఎక్కడ నీళ్లు పడతాయని ఎవరు ఆశపడితే అక్కడికి బండి పోతుంది. మామూలుగా శనివారం ఇంటికొస్తాడు, సోమవారం మళ్లీ పోతాడు. కిందటి రెండు వారాలూ పని తెమలక రాలేదు. అతనికి ఒత్తుగా నల్లటి గడ్డం. రాతి పొడి పడి పడి ఎప్పుడూ సగం తెల్లగా ఉంటుంది. మామకూ అల్లుడికీ మధ్య ఉన్న గొడవంతా ఆ గడ్డమే. పెళ్లి మాటలప్పుడే ఇమ్మానుయేల్, "పిల్లోడు గడ్డం తీయించుకుని వస్తే మాట్లాడదాం," అన్నాడు. "నా మొగం, నా ఇష్టం మామా," అన్నాడు జోయల్. పెళ్లి జరిగింది గానీ ఇద్దరూ సూటిగా మాట్లాడుకోవడం మానేశారు. ఒకే గదిలో ఉన్నా, "కృపా, మీ ఆయన్ని అన్నం తినమను," అనేవాడు ఆయన. "కృపా, మీ నాయన్ని తిన్నాడేమో అడుగు," అనేవాడు ఇతను.

ఆ తర్వాతి శనివారం తెల్లారే బండి దిగి వచ్చిన జోయల్, గోడ వైపు తిరిగి కూర్చున్న మామను చూసి సంచి గుమ్మంలోనే వదిలేశాడు. తర్వాత వంటింట్లోకి వచ్చాడు.

"పెట్టె కిందికి దించు," అన్నాడు.

"నీకేమైనా పిచ్చా? ఆ పొద్దు నువ్వు సూడల్యా. గొంతు మీద కత్తి పెట్టుకుని నిలబన్న్యాడు."

"ఇట్ల గోడకు తిరిగి కూచోబెట్టి ఏమి కాపాడతాండావు? దించు. మొద్దు జేసి ఇద్దాం."

కృప అటక ఎక్కి మూట దించింది. జోయల్ రెండు కత్తులూ విప్పి పెరటి బండ మీద అంచులు రాశాడు. ఆ గరగర వింటూ కృప మొహం పక్కకు తిప్పుకుంది. ముత్తాత కాలం నుంచి ఎవరూ ఆ కత్తుల్ని నేలకు తాకనివ్వలేదు. జోయల్ కత్తి అంచును తన బొటనవేలి మీద గట్టిగా రుద్ది చూపించాడు. గీత కూడా పడలేదు. అప్పుడు పెట్టెను తీసుకెళ్లి ఇమ్మానుయేల్ ఒళ్లో పెట్టాడు.

ఆయన మూత తెరిచాడు. ఒక్కొక్క వస్తువునూ తీసి తువ్వాలు మీద వరసగా పేర్చాడు. దువ్వెన పళ్లు లెక్కపెడుతున్నట్టు వేలితో తడిమాడు. చివరికి సోమవారం కత్తి విప్పి, అంచును గోటి మీద ఆనించి లాగాడు. నొసలు ముడిపడ్డాయి.

"మొండిదైపోయిండాది. ఎవురు పాడు జేసినారు?"

కృప జోయల్ వైపు చూసింది.

"దీంతో గీస్తే నాయనకు మంట పుడుతుంది," అంటూ లేచాడు.

పెరట్లో నీళ్ల తొట్టి పక్కన కూర్చుని రాయి తడిపాడు. కత్తిని దాని మీద పడుకోబెట్టి, ముందుకూ వెనక్కీ తోయడం మొదలుపెట్టాడు. ముందుకు తోసిన ప్రతిసారీ కత్తిని వెన్ను మీద తిప్పి రెండో వైపు లాగుతున్నాడు. కృప సెంటర్‌కు పోయి పిల్లలకు గుడ్లు పెట్టి వచ్చేసరికి కూడా అదే పని. పక్కన జోయల్ ఎండలోనే గొంతుక్కూర్చుని ఆయన్నే చూస్తున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చాక ఆయన తోలుపట్టాను వేపకొమ్మకు కట్టి, కత్తిని దాని మీద పటపటలాడించాడు. తన ముంజేతి మీద ఒకసారి ఆనించాడు. వెంట్రుకలు ఊదితే ఎగిరిపోయాయి.

మొద్దు చేసి ఇచ్చిన కత్తి ఇప్పుడు మునుపటి కన్నా పదునుగా ఉంది.

ఆయన వేపచెట్టుకు తగిలించిన అద్దంలోకి తొంగిచూశాడు. లోపల తెల్లటి గడ్డంతో ఒక ముసలాయన. ఎవరో తెలియనట్టు చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు. అప్పుడు ఆయన చూపు జోయల్ మీద పడింది. రాతి పొడితో సగం నెరిసినట్టున్న ఆ గడ్డం మీద నిలిచింది. ఆయన మొహం వెలిగింది.

"వస్తివా నాయనా? రేపు ఆదివారం గదా. కూచో, గీస్తా."

"నాయనా, ఆయన..." అంటూ కృప ముందుకు వచ్చింది. జోయల్ చేత్తో ఆగమన్నాడు. ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాడు.

"వద్దప్పా," అంది కృప గొంతు తగ్గించి. "నా మాట ఇను. మధ్యలో మర్సిపోతాడు."

"పొద్దున్నుంచి ఆ చేతులు సూస్తాండా కృపా. ఒక్కసారన్నా వణికినాయా? నువ్వు నీళ్లు కాంచుకోనిరా."

కృప నీళ్లు కాచి తెచ్చింది. చెంబు పట్టుకుని పక్కనే నిలబడింది.

ముందు కత్తెరతో గడ్డం కురచ చేశాడు ఇమ్మానుయేల్. నల్లటి కుచ్చులు పీట చుట్టూ రాలాయి. వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండి, మొహానికి చుట్టి, రెండు అరచేతులతో మెత్తగా అదిమాడు. ఇత్తడి గిన్నెలో సబ్బు గిలక్కొట్టి బ్రష్షుతో గుండ్రంగా పూశాడు. జోయల్ కళ్లు మూసుకున్నాడు. బోరు బండి మీద ఇనుప గొట్టాలతో, రాతి పొడితో వారమంతా గడిపే మనిషిని అంత నెమ్మదిగా ఎవరూ తాకి ఉండరు. అతని భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

కత్తి కణత దగ్గర మొదలైంది. ఎడమచేతి రెండు వేళ్లతో చర్మం బిగబట్టి లాగుతుంటే, పొడిగడ్డి తెగుతున్నట్టు సన్నటి చప్పుడు. గీస్తూ ఆయన మాట్లాడసాగాడు. చిన్నప్పుడు తండ్రితో అలాగే కబుర్లు చెప్పేవాడేమో.

"మా కృపకు సంబంధం సూసినా నాయనా. పిల్లోడు బోరు బండి మీద పని జేస్తాడు. కష్టజీవి. మాట కొంచెం పెళుసు."

జోయల్ కళ్లు తెరిచాడు. కదల్లేదు.

"ఇస్తావా మరి?" అన్నాడు.

"ఇస్తా. పాపకు ఇష్టమే. నాకూ ఇష్టమే, పైకి అనల్యా అంతే. గడ్డమొకటి పెంచుకున్న్యాడు. దాన్ని తీసేస్తే మనిషి బాగుంటాడు." కత్తిని తువ్వాలుకు తుడిచాడు. "గడ్డం పైకెత్తు నాయనా. గొంతు మిగిలింది."

జోయల్ తల వెనక్కి వాల్చాడు. కత్తి గొంతు మీదికి వచ్చి, సగం దాకా దిగి, ఆగిపోయింది.

కృప తండ్రి కళ్ల వైపు చూసింది. ఆ రోజు పొద్దున చూసిన కళ్లే. ఎవరూ లేని ఇల్లులా ఉన్నాయి. కత్తి భర్త గొంతు ముడి పక్కనే నిలిచి ఉంది. ఆమె అడుగు వెయ్యబోయింది. తన నీడ పడినా ఆయన ఉలిక్కిపడతాడేమోనని భయమేసి ఆగిపోయింది. వేపాకులు రాలుతున్నాయి. ఎక్కడో గూడ్సు బండి కూత పెట్టింది.

జోయల్ పెదవులు మాత్రం కదిపాడు.

"ఇమ్మానుయేలూ," అన్నాడు, కొడుకును పిలిచే తండ్రిలా. "ఎడంపక్క మిగిలిండాదేమో సూడు నాయనా. రేపు గుడికి పోవల్ల గదా."

చెయ్యి ఒక క్షణం అలాగే ఉంది. తర్వాత కళ్లలోకి ఏదో తిరిగి వచ్చింది. "ఆఁ, సూస్తాండా," అన్నాడు ఆయన. కత్తి కిందికి దిగి, గొంతు దాటి, ఎడంపక్కకు వెళ్లింది. కృప అప్పటిదాకా పట్టుకున్న చెంబును నేల మీద పెట్టింది.

పని పూర్తయ్యాక ఆయన పటిక ముక్క తడిపి చెంపలకు రుద్దాడు. మీసాన్ని ఆ వేలెడు దువ్వెనతో రెండు పక్కలకూ దువ్వి, అద్దం తెచ్చి పట్టుకున్నాడు. జోయల్ కింది సగం మొహం ఎండ ఎరగక పాలిపోయి ఉంది. పెళ్లయినప్పటి నుంచీ చూడని నున్నటి చుబుకం కింద ఒక చిన్న నొక్కు కనిపించింది కృపకు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

జోయల్ లేచి పీట చూపించాడు. "ఇప్పుడు నువ్వు కూచో. నేను గీస్తా."

ఆయన సిగ్గుపడ్డాడు. "నాకింకా గడ్డం రాల్యా గదా నాయనా."

జోయల్ ఆయన చెయ్యి పట్టుకుని ఆయన చెంప మీదే పెట్టాడు. గరుకు తగలగానే ఇమ్మానుయేల్ కళ్లు పెద్దవయ్యాయి. రెండో చెయ్యి కూడా పెట్టుకుని తడిమి చూసుకున్నాడు. మొదటిసారి మీసం మొలిచిన పిల్లవాడిలా పకపకా నవ్వాడు.

"వచ్చినాయే!"

"మరి? కూచో."

జోయల్‌కు ఆ కత్తి పట్టడం రాదు. అంగట్లో దొరికే బ్లేడు రేజరే వాడాడు. నురుగు మాత్రం పాత బ్రష్షుతోనే పూశాడు. ఆయన బుద్ధిగా చేతులు ఒళ్లో పెట్టుకుని, చెప్పిన వైపల్లా మొహం తిప్పుతూ కూర్చున్నాడు.

మరుసటి రోజు ఇద్దరూ తెల్లచొక్కాలు వేసుకుని కృపతో గుడికి వెళ్లారు. దారిలో సురేంద్ర జోయల్‌ను గుర్తుపట్టక, కృపను ఆపి, "ఎవురక్కా ఆయప్ప? మీ తమ్ముడా?" అని అడిగాడు.

అప్పటి నుంచి అది ప్రతి శనివారం పని అయింది. జోయల్ వారమంతా గడ్డం గీసుకోకుండా పెంచుకుని వచ్చేవాడు, మామకు పని ఉండాలని. బండి మీద తోటివాళ్లు ఎగతాళి చేస్తే, "మా మంగలి గుత్తిలో ఉండాడు," అనేవాడు. ఇమ్మానుయేల్ అతన్ని ఒక్కసారి కూడా అల్లుడని గుర్తుపట్టలేదు. ఎప్పుడూ నాయనే. జోయల్ ఆ పిలుపుకు అలవాటు పడిపోయాడు.

ఎండాకాలం వచ్చేసరికి చేతికి వణుకు మొదలైంది. ఒక శనివారం కత్తి జారి జోయల్ చెవి కింద చీరింది. చిన్న గాయమే. రక్తం చూసి ఇమ్మానుయేల్ వెక్కివెక్కి ఏడ్చాడు. జోయల్ ఆయన్ని దగ్గరికి తీసుకుని, "ఏమీ కాల్యా, సూడు, ఆగిపోయింది," అంటూ చాలాసేపు వీపు నిమిరాడు. ఆ రోజుతో కత్తులు పెట్టెలోకి పోయాయి. కృప ఏమీ చెప్పకుండానే ఆయనే మూత వేసి ఆమె చేతికిచ్చాడు. బ్రష్షు మాత్రం వదల్లేదు. జోయల్ మొహానికి నురుగు పూయడం ఆయన పని, రేజరుతో గీసుకోవడం జోయల్ పని. పూసిన చోటే మళ్లీ మళ్లీ పూసేవాడు. జోయల్ కళ్లు మూసుకుని ఆయన తనివి తీరేదాకా కూర్చునేవాడు.

వానలు మొదలైన కొత్తలో ఒక శనివారం చిలమత్తూరు దగ్గర బోరు బండి బురదలో దిగబడి జోయల్ రాలేకపోయాడు. ఫోన్ చేసి చెప్పాడు. ఇమ్మానుయేల్‌కు ఎవరు చెప్పగలరు? ఆయన నురుగు కలుపుకుని, ఎదురుగా ఖాళీ పీట వేసుకుని, వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. నురుగు ఆరిపోతే మళ్లీ కలిపాడు. అన్నానికి లేవలేదు. అప్పటికి కొన్నాళ్లుగా ఆయన కృపను కూడా గుర్తుపట్టడం లేదు. ఆమె ఏం పెట్టినా, "ఎందుకమ్మా మీకు శ్రమ," అంటున్నాడు, పరాయి ఇంటి మనిషితో అన్నట్టు.

కృపకు ఏం తోచిందో, వెళ్లి ఆ పీట మీద కూర్చుని మొహం ముందుకు చాపింది.

"నాకు పుయ్యి నాయనా."

ఆయన బ్రష్షు ఎత్తాడు. అలవాటు ప్రకారం కుడి చెంప మీద గుండ్రంగా ఒక చుట్టు తిప్పాడు. చల్లగా, మెత్తగా ఉంది. ఆమె కళ్లు మూసుకుంది. ఇలా ఉంటుందా అనుకుంది. అప్పుడు బ్రష్షు ఆగింది. ఆమె కళ్లు తెరిచేసరికి ఆయన వంగి ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"కృపమ్మా," అన్నాడు. "నీకేంటికమ్మా ఇది? నీ మొగం బాగనే ఉండాది గదా."

భుజం మీది తువ్వాలు తీసి, కొన తడిపి, ఆమె చెంప మీది నురుగును ఎక్కడా మిగలకుండా తుడిచాడు. కళ్ల కింద తడి కూడా తుడిచాడు.

"అన్నం తిన్న్యావా?" అని అడిగాడు.

"ల్యా నాయనా. నీకోసరమే సూస్తాండా."

"పా, తిందాం," అంటూ ఆయన ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు.